వార్షిక నివేదిక: పునాది కంటే ముందు తవ్వకం

సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఒకే అంశాన్ని పట్టుకుంది. నగరంలో పాత కట్టడం కూల్చి కొత్తది కట్టేటప్పుడు, పునాది పడేలోపు ఆ నేలలో పురావస్తు తవ్వకం ఎలా జరగాలన్నదే ఆ అంశం. తొలి సమావేశంలో వేరే ప్రతిపాదనలూ వచ్చాయి. అయినా దీన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. బీటలు వారిన పాత భవనాన్ని వచ్చే ఏడాదైనా బాగు చేయించుకోవచ్చు. బేస్‌మెంట్ కోసం మట్టిని లారీలకెత్తాక ఆ పొరల్లో ఏముందో ఇంకెవరూ చెప్పలేరు.

నెలవారీ సమావేశాల్లో ఎక్కువ చర్చ నడిచింది లండన్ మీద. అక్కడ బ్లూమ్‌బెర్గ్ అనే సంస్థ కార్యాలయం కట్టే ముందు, 2010 తర్వాతి కొన్నేళ్లలో భారీ తవ్వకం జరిగింది. ఒకప్పుడు వాల్‌బ్రూక్ అనే వాగు పారిన చోటది. ఆ తడి మట్టిలోకి గాలి చొరబడక కొయ్య కుళ్లిపోలేదు. రోమన్ల కాలపు రాత పలకలు 400కు పైగా బయటపడ్డాయి. చెక్క మీద మైనం పూసి, దాని మీద గంటంతో రాసేవారు. మైనం ఎప్పుడో పోయింది. గంటం గట్టిగా దిగిన చోట మాత్రం చెక్క మీద సన్నని గీతలు మిగిలాయి. వెలుతురు పక్కల నుంచి పడేలా ఫొటోలు తీసి, ఆ గీతలను రోమన్ రాతల నిపుణుడు రోజర్ టామ్లిన్ చదివారు. ఒక పలక మీద తేదీ క్రీ.శ. 57 జనవరి 8. అది ఒక బాకీ పత్రం. ఇంకొకటి 62 అక్టోబర్ 21 నాటిది, దగ్గరలోని వెరులామియం అనే రోమన్ పట్టణం నుంచి లండన్‌కు 20 బళ్ల సరుకు తోలే ఒప్పందం. అంతకు ఒకటి రెండేళ్ల ముందే రోమన్ల మీద స్థానిక తెగ రాణి బౌడికా చేసిన తిరుగుబాటులో లండన్ తగలబడింది. అంత త్వరగా వ్యాపారం మళ్లీ మొదలైందని ఈ చెక్కముక్క వల్లే ఇంత స్పష్టంగా తెలిసింది. ఆ సాయంత్రం సభ్యులు చాలాసేపు ఇళ్లకు కదలలేదు.

అదే స్థలంలో 1954లో రోమన్లు కొలిచిన మిత్ర దేవుడి ఆలయం బయటపడింది. చూడటానికి జనం వేలల్లో బారులు తీరారు. కానీ ఆఫీసు కట్టాలి కదా, గుడి రాళ్లు విప్పి మరోచోట పేర్చారు. 2017లో గానీ అవి అసలు చోటుకు దగ్గరగా తిరిగి రాలేదు. ఒకే నేల మీద ఈ రెండు తవ్వకాలకు మధ్య నియమాలు మారాయి. 1989లో లండన్‌లోనే, షేక్‌స్పియర్ కాలపు రోజ్ నాటకశాల అవశేషాల మీద ఆఫీసు కట్టబోతే పెద్ద ఆందోళన జరిగింది. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో పురావస్తు పరిశీలనను నిర్మాణ అనుమతిలోనే కలిపారు, తవ్వకం ఖర్చు భవనం నిర్మించేవారి మీద పడింది. పురావస్తు సంపద రక్షణ కోసం ఐరోపా దేశాలు 1992లో చేసుకున్న వాలెట్టా ఒప్పందం ఐరోపా అంతటా ఇదే దారి చూపింది. మా దృష్టిలో అసలు మలుపు ఇదే. తవ్వకం ఎవరి దయ మీదా ఆధారపడకూడదు.

నియమం లేనిచోట జనం వీధికెక్కినా ఫలితం దక్కకపోవచ్చు. ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లోని వుడ్ క్వేలో, ఉత్తర ఐరోపా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగుల కాలపు పట్టణం బయటపడితే, దాన్ని కాపాడమని 1978లో దాదాపు 20 వేల మంది ఊరేగారు. అయినా అక్కడ నగరపాలక కార్యాలయాలు లేచాయి.

ఇస్తాంబుల్‌లోని యెనికాపి మీద ఒక సమావేశం, న్యూయార్క్‌లో ఒకప్పుడు ఆఫ్రికన్లను ఖననం చేసిన శ్మశానం మీద ఒకటి జరిగాయి. యెనికాపిలో రైలు స్టేషన్ కోసం తవ్వితే బైజాంటైన్ (తూర్పు రోమన్) సామ్రాజ్య కాలపు రేవు, 37 ఓడలు దొరికాయి. వాటికీ కింద నవీన శిలాయుగపు మనుషుల పాదముద్రలు కనిపించాయి. పనులు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యాయి, అయినా రైలూ వచ్చింది, చరిత్రా దక్కింది. న్యూయార్క్‌లో 1991లో మొదలైన తవ్వకంలో 419 మంది అవశేషాలు బయటపడ్డాయి. ఆఫ్రికన్ వారసుల పోరాటం వల్ల తవ్వకం ఆగింది, 2003లో ఆ అవశేషాలను గౌరవంగా తిరిగి ఖననం చేశారు. అడుగున ఉన్నది ఎవరి పూర్వీకులో వారి మాట ముందు వినాలని సభ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

కొత్త సభ్యుల కోసం వర్క్‌షాప్ కూడా పెట్టాం. కందకం గోడ బొమ్మ ఇచ్చి, పొరలకు నంబర్లు వేసి, ఏది ముందు ఏది తర్వాత అని గీయించాం. ఎడ్వర్డ్ హారిస్ 1973లో రూపొందించిన పద్ధతి ఇది. చెత్త గొయ్యి పాత పొరలను కోసుకుంటూ లోపలికి దిగుతుంది కాబట్టి, లోతుగా ఉన్నదల్లా పాతది కాదు. ఇది అర్థమయ్యాక చాలామందికి పొరలు చదవడం వచ్చేసింది. దొరికిన వస్తువు కన్నా అది ఏ పొరలో దొరికిందన్నదే ముఖ్యమని పిల్లలు కూడా పట్టేశారు.

పెద్ద పునాదులకు అనుమతి ఇచ్చే ముందు ట్రయల్ కందకాలు (కింద ఏముందో చూసేందుకు తవ్వే చిన్న కందకాలు) తప్పనిసరి చేయాలని, తవ్వకం నివేదిక ప్రచురణకూ నిధులు ముందే కేటాయించాలని వినతిపత్రం తయారుచేశాం. రెండో కోరికను మేం గట్టిగా పట్టుకోవడానికి కారణం ఉంది. నివేదిక రాని తవ్వకం కూడా విధ్వంసమే, మట్టి పోయింది, సమాచారమూ రాలేదు. సర్వసభ్య సమావేశం ఆమోదిస్తే దాన్ని అధికారులకు అందజేస్తాం.

జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. వచ్చే ఏడాదికి పాత పటాలు, భూమి రికార్డులు చూసి ఎక్కడ పాత పొరలు ఉండొచ్చో గుర్తించే పని చేపట్టాలని ప్రతిపాదిస్తున్నాం. పటాలు చదవడం వచ్చినవారు, నేర్చుకోవాలనుకునేవారు కార్యదర్శికి పేర్లు ఇవ్వగలరు.