రెండు లైట్లు వెలిగినంత మాత్రాన ప్రింటర్ పోయినట్టు కాదు

సంపాదకులు గారికి, నమస్కారం.

జూన్ వచ్చేసరికి ఇళ్లలో ప్రింటర్ మీద కప్పిన గుడ్డ తీస్తారు. అడ్మిషన్ ఫారాలు, ఆదాయ ధ్రువపత్రాలు, పిల్లల ప్రాజెక్టు బొమ్మలు అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క కాగితం కూడా తీయని ఇంక్‌జెట్ మొదటి పేజీకే తెల్లగీతలు పెడుతుంది. ఇంట్లోవాళ్లు హెడ్ (కాగితం మీద ఇంకు చిమ్మే భాగం) క్లీనింగ్ కొడతారు. పోలేదని మళ్లీ కొడతారు. అలా కొట్టగా కొట్టగా ఒకనాడు ఇంకు చుక్క బొమ్మ దగ్గర లైటు, కాగితం బొమ్మ దగ్గర లైటు ఒకదాని తర్వాత ఒకటి వెలిగి ఆరుతూ ఉంటాయి. ప్రింటర్ ఇక కదలదు. ఆపి వేసినా అంతే, కేబుల్ మార్చినా అంతే, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించినా అంతే. రిపేరుకు తీసుకెళ్తే ఒక కొట్టులో "బోర్డు పోయింది, కొత్తది కొనుక్కోండి" అంటారు. ఇంకో కొట్టులో పది నిమిషాల్లో రీసెట్ కొట్టి, డబ్బులు తీసుకుని పంపేస్తారు. మొదటిది తప్పు, రెండోది సగం పని. ఈ ఉత్తరం అందుకే.

ఎప్సన్ ఎల్3110 లాంటి ఇంకు ట్యాంకు ప్రింటర్లలో ఆ రెండు లైట్లు మార్చి మార్చి వెలిగితే వేస్ట్ ఇంక్ ప్యాడ్ (క్లీనింగ్‌లో పోయే ఇంకును పీల్చుకునే ఫెల్టు) గడువు దగ్గరపడిందనో, తీరిపోయిందనో అర్థం. కెనాన్ చిన్న మోడళ్లలో ఇదే సంగతి ముందుగా ఇ08 అనే హెచ్చరికగా వస్తుంది. అప్పటికి ఇంకా పని జరుగుతుంది. పట్టించుకోకుండా లాక్కొస్తే పి07 వచ్చి పూర్తిగా ఆగిపోతుంది. కంప్యూటర్ తెర మీద దాన్నే 5బి00 అని చూపిస్తుంది.

ప్రింటర్ లోపల కుడిచివర హెడ్ ఆగే చోట ఒక చిన్న రబ్బరు మూత ఉంటుంది. క్లీనింగ్ కొట్టినప్పుడు హెడ్ వచ్చి ఆ మూత మీద కూర్చుంటుంది, కింద ఉన్న పంపు హెడ్‌లోంచి ఇంకును పీలుస్తుంది. ఆ ఇంకు సన్నటి గొట్టంలోంచి వెళ్లి దళసరి ఫెల్టు ముక్కల్లో ఇంకుతుంది. వాటినే ప్యాడ్ అంటారు, మెకానిక్‌ల వాడుకలో స్పాంజి. అది ఎంత తడిసిందో చూసే కన్ను ఈ చిన్న ప్రింటర్లలో లేదు. క్లీనింగ్‌కు ఇంత, అంచుల్లేని ఫోటోకు ఇంత అని లోపలి చిప్పు లెక్క కట్టుకుంటూ పోతుంది. లెక్క హద్దు దాటగానే తాళం వేస్తుంది. వేయకపోతే మిగిలిన ఇంకు బల్ల మీదికో, అడుగున ఉన్న కరెంటు భాగాల మీదికో కారుతుంది కాబట్టి ఆ తాళాన్ని తప్పుపట్టలేం. దాన్ని బోర్డు పోవడమని చెప్పేవాళ్లనే తప్పుపట్టాలి.

మరి ప్యాడ్ అంత తొందరగా ఎందుకు నిండుతుంది? పేజీలు ఎక్కువ తీసినందుకు కాదు, క్లీనింగులు ఎక్కువ కొట్టినందుకు. క్లీనింగులు ఎక్కువ కావడానికి కారణం చాలా ఇళ్లలో గోడ మీదే ఉంటుంది. పని అయ్యాక ప్రింటర్ మీది పవర్ బటన్ నొక్కకుండా స్విచ్‌బోర్డు దగ్గర టప్పున ఆపేస్తారు. బటన్ నొక్కితే హెడ్ కుడిచివరికి వెళ్లి రబ్బరు మూత మీద సర్దుకుని, అప్పుడు లైటు ఆరుతుంది. గోడ స్విచ్ కట్టేస్తే హెడ్ ఎక్కడున్నది అక్కడే, నోరు తెరుచుకుని ఉండిపోవచ్చు. ఇంకులో ఎక్కువ భాగం నీరే. బెజవాడ మే నెల ఎండలో, పైన ఫ్యాను తిరుగుతున్న గదిలో, వెంట్రుక కన్నా సన్నని ఆ రంధ్రాల్లో ఇంకు ఎండిపోవడానికి ఎన్నాళ్లో పట్టదు. ప్రింటు మధ్యలో కరెంటు పోయినా ఇదే జరుగుతుంది. కరెంటు రాగానే ప్రింటర్ వేసి, తిరిగి బటన్‌తోనే ఆపితే హెడ్ మూత మీదికి చేరుతుంది. ఇంట్లో వాడే చిన్న ఇంక్‌జెట్ పని చేసేటప్పుడు లాగేది పది పదిహేను వాట్లే. ఇన్వర్టర్ లైన్ మీద పెట్టుకుంటే ఈ బెడద ఉండదు. లేజర్ ప్రింటర్‌ను మాత్రం అలా పెట్టకండి, అది వేడెక్కేటప్పుడు వందల వాట్లు గుంజుతుంది.

గీతలు వచ్చినప్పుడు ముందు కొట్టాల్సింది క్లీనింగ్ కాదు, నాజిల్ చెక్, అంటే హెడ్ రంధ్రాలన్నీ ఇంకు చిమ్ముతున్నాయో లేదో చూసే పరీక్ష. ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌లో మెయింటెనెన్స్ ట్యాబ్‌లో ఉంటుంది. మెట్లమెట్లుగా సన్నగీతలున్న కాగితం ఒకటి వస్తుంది. ఆ గీతలన్నీ నిండుగా ఉంటే హెడ్ బాగానే ఉంది. తప్పు కాగితం సెట్టింగ్‌లోనో, తీస్తున్న ఫైల్‌లోనో ఉన్నట్టు, క్లీనింగ్ కొడితే ఇంకు దండగ. గీతలు తెగి ఉంటే ఒకసారి క్లీనింగ్, మళ్లీ నాజిల్ చెక్. ఇలా మూడుసార్లు చేసినా మారకపోతే ఆపేయాలి. ఇక్కడే అందరూ గాడి తప్పుతారు. ఎప్సన్ వాళ్ల మాన్యువలే కనీసం 12 గంటలు ముట్టుకోవద్దంటుంది. కెనాన్‌లో డీప్ క్లీనింగ్ తర్వాత కూడా బాగుపడకపోతే ఆపేసి, 24 గంటల తర్వాత ఇంకోసారి ప్రయత్నించమంటారు. ఆ వ్యవధిలో ఎండిన ఇంకు కొంత మెత్తబడుతుంది, హెడ్‌లోకి వెళ్లిన గాలి బుడగలు సర్దుకుంటాయి. రాత్రి ఆపేసిన ప్రింటర్ పొద్దున్నే ఏ క్లీనింగూ లేకుండా నిండుగీతలు ఇవ్వడం మామూలే. తొందరపడి పదోసారి కొట్టేవాడికి అది తెలిసే అవకాశమే ఉండదు.

అప్పటికీ కాకపోతే ఎప్సన్‌లో పవర్ క్లీనింగ్ ఉంది. గొట్టాల్లో ఉన్న ఇంకంతా బయటికి నెట్టి కొత్త ఇంకు నింపే పని అది. ట్యాంకులన్నీ కనీసం మూడో వంతు నిండి ఉండాలి, లేకపోతే గొట్టాల్లోకి గాలి పోయి రోగం ముదురుతుంది. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య మళ్లీ 12 గంటలు ఆగాలి. ప్యాడ్ లెక్క ఒక్కసారిగా పైకి ఎగబాకేది కూడా దీనితోనే. యూట్యూబ్‌లో చూసి గంటలో మూడుసార్లు కొట్టేవాళ్లు దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

వారానికి ఒక్కసారైనా నాలుగు రంగులూ ఉన్న పేజీ ఒకటి తీస్తే ఇదంతా అక్కర్లేదు. ఆ పేజీకి అయ్యే ఇంకు ఒక్క క్లీనింగ్‌కు పోయే ఇంకు ముందు లెక్కలోకే రాదు.

ఇక ప్యాడ్ సంగతి. వారంటీ ఉంటే ముట్టుకోకుండా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి. వారంటీ దాటితే, ఎల్3110 తరహా మోడళ్లలో ఈ పని ఇంట్లో కూడా చేసుకోవచ్చు. బటన్‌తో ఆపి, ప్లగ్గు తీసి, కింద పాత పేపర్లు నాలుగు పొరలు పరవండి (మీ పత్రికకు ఇంతకన్నా మంచి వాడకాలున్నాయి, కానీ ఇంకు పీల్చడంలో దీనికి సాటి లేదు). చేతికి గ్లవ్స్ వేసుకోండి. ప్రింటర్‌ను పక్కకు గానీ, తలకిందులుగా గానీ తిప్పొద్దు, ట్యాంకుల్లో ఇంకు పొర్లుతుంది. వెనకవైపు మూలన ఒక్క స్క్రూతో బిగించిన ప్లాస్టిక్ మూత ఉంటుంది. స్టార్ స్క్రూడ్రైవర్‌తో అది విప్పి మెల్లిగా లాగితే ఫెల్టు ముక్కలున్న డబ్బా బయటికి వస్తుంది. దానికి తగిలించి ఉన్న గొట్టం ఊడదీసి, కొసకు టిష్యూ చుట్టండి.

ఆ డబ్బాను ఒక్క నిమిషం పరకాయించి చూస్తే కథంతా అర్థమవుతుంది. గొట్టం దగ్గరి ఫెల్టు తారు ముద్దలా నల్లగా, జిగటగా ఉంటుంది. అక్కడి నుంచి దూరం వెళ్లేకొద్దీ ఊదా, నీలం, చివరికి అవతలి అంచున ఇంకా తెల్లగా. అలా తెల్లగా మిగిలిందంటే ప్రింటర్ లెక్క జాగ్రత్త కోసం కాస్త ముందే ఆపిందన్నమాట. అంచుదాకా నల్లబడి, నొక్కితే ఇంకు ఊరుతోందంటే అంతకుముందు ఎవరో ప్యాడ్ మార్చకుండా ఉత్త రీసెట్ (చిప్పులోని లెక్కను సున్నా చేయడం) మాత్రమే కొట్టి ఉంటారు.

కొత్త ఫెల్టు సెట్టు దొరికితే అదే మేలు. దొరక్కపోతే పాతదాన్ని బక్కెట్లో నానబెట్టి, నీళ్ల రంగు పలచబడేదాకా పిండుతూ కడగాలి. గ్రానైటు గట్టు మీద, తెల్ల సింకులో వద్దు, మరక వదలదు. తర్వాత పూర్తిగా ఆరాలి, మన ఎండలో కూడా రెండు రోజులు పెట్టడం మంచిది. పైన పొడిగా ఉండి లోపల చెమ్మ ఉంటే దానికి పీల్చే శక్తి ఉండదు. ముక్కల్ని తీసిన వరసలోనే సర్ది, గొట్టం బిగుతుగా తొడిగి, ఎక్కడా మెలిక పడకుండా చూసి డబ్బా తోయాలి. ప్యాడ్ మార్చిన వారానికే బల్ల మీద ఇంకు మడుగు కట్టిందంటే ముందుగా అనుమానించాల్సింది ఈ గొట్టాన్నే. కెనాన్ జీ2010 లాంటివాటిలో ప్యాడ్‌లు అడుగున ఉంటాయి, ప్రింటర్ మొత్తం విప్పాలి. అది ఇంట్లో పెట్టుకునే పని కాదు.

ప్యాడ్ మార్చినంత మాత్రాన లైట్లు ఆగవు, చిప్పులోని లెక్కను సున్నాకు తేవాలి. అందుకు వాడే సాఫ్ట్‌వేర్ కంపెనీలు తమ సర్వీసు వాళ్ల కోసం చేసుకున్నది. నెట్‌లో ఉచితమంటూ తిరిగే కాపీల్లో చాలావాటికి ముందు యాంటీవైరస్ ఆపమని షరతు ఉంటుంది. బ్యాంకు పాస్‌వర్డులున్న కంప్యూటర్‌లో ఆ పని చేయకండి. దీనికి కొట్టుకు వెళ్లడమే నయం. అయితే అడగాల్సిన మాట "రీసెట్ ఎంత?" కాదు, "ప్యాడ్ మార్చి రీసెట్ చేయడానికి ఎంత?". తీసిన పాత ప్యాడ్ చూపించమనండి, బిల్లు మీద రెండూ విడివిడిగా రాయించుకోండి. ఇవ్వనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

వదలని ఎర్రర్లు ఇంకో రెండు ఉన్నాయి. కెనాన్‌లో 5100, అంటే పి02, హెడ్ అటూ ఇటూ పోలేకపోతోందని. ముందు కాగితం ముక్క, హెయిర్‌పిన్, పెన్సిల్ ముక్క లాంటివేమైనా పడ్డాయేమో టార్చ్ వేసి చూడాలి. ఏమీ లేకపోతే హెడ్ వెనక ఈ కొస నుంచి ఆ కొసకు కట్టి ఉన్న పారదర్శకపు సన్నని ప్లాస్టిక్ పట్టీని చూడండి. దాని మీద కంటికి ఆనని గీతలుంటాయి. హెడ్ తానెక్కడున్నదీ వాటిని చదివే తెలుసుకుంటుంది. ఇంకు మరకో, గ్రీజో, దుమ్మో పడితే దారి తప్పి ఢీకొంటుంది. గుంటూరు మిర్చి యార్డు పక్క కొట్లలో ప్రింటర్‌ను కప్పి ఉంచమనేది ఇందుకే. డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన, నూగు రాలని గుడ్డతో రెండువైపులా నెమ్మదిగా తుడవాలి. స్పిరిట్, థిన్నర్ వద్దు, గీతలే పోవచ్చు. గట్టిగా లాగితే కొసన ఉన్న కొక్కెం ఊడుతుంది.

రెండోది కార్ట్రిడ్జ్ రీఫిల్ చేయించిన కెనాన్ ప్రింటర్లలో వచ్చే ఇ13, ఇ16. ఇంకు నింపినా అయిపోయిందనే అంటాయి, ఎందుకంటే కార్ట్రిడ్జ్ పాత లెక్కనే పట్టుకుని ఉంటుంది. స్టాప్ బటన్‌ను ఐదు సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే ఆ కార్ట్రిడ్జ్‌కు ఇంకు లెక్క ఆగిపోయి ప్రింటు వస్తుంది. ఇకమీదట ఇంకు ఎంత ఉందో మీరే కనిపెట్టుకోవాలి. ఈ హెడ్లు ఇంకును వేడిచేసి చిమ్మే రకం, ఇంకు లేకుండా నడిపితే హెడ్ మాడిపోతుంది.

2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల జాబితాలో ప్రింటర్లూ కార్ట్రిడ్జ్‌లూ ఉన్నాయి, పాత వస్తువులను రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదని వాటిలో రాసి ఉంది. దానికన్నా ముందు చేయగలిగింది ఇంకోటి ఉంది. ఎప్సన్ ఎల్6160లో, కెనాన్ జీ3020లో వేస్ట్ ఇంకు డబ్బాను కొన్నవాళ్లే లాగి మార్చుకోవచ్చు. కెనాన్‌లో దాని పేరు ఎంసీ-జీ02, విడిగా కొనుక్కోవచ్చు, లెక్క సున్నా చేయడానికి ఎవరి దగ్గరికీ వెళ్లక్కర్లేదు. ఫెల్టు ముక్కలున్న ఒక ప్లాస్టిక్ డబ్బాను చవక మోడళ్లలో కూడా బయటికి వచ్చేలా పెట్టడం కంపెనీలకు పెద్ద కష్టమేమీ కాదు. వాళ్లు పెట్టేదాకా, ఈ జూన్‌లో కొత్త ప్రింటర్ కొనబోయేవాళ్లు పేజీకి ఎన్ని పైసలు పడుతుందని అడిగే ముందు, వేస్ట్ ఇంకు డబ్బా బయటికి వస్తుందా, ఊళ్లో దొరుకుతుందా అని కొట్టువాణ్ణి అడగాలి.

ఇట్లు,
కొందరు ప్రింటర్ మెకానిక్‌లు,
గవర్నర్‌పేట, విజయవాడ.