చెట్టుకి మీటరు మట్టి వదలండి

సంపాదకులకు నమస్కారం.

నిరుడు వేసవికి ముందు మా వీధిలో సిమెంటు రోడ్డు వేశారు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పోశారు. మలుపులో ఉన్న వేపచెట్టు మొదట్లో జానెడు మట్టి కూడా వదల్లేదు. ఈ ఏడు సగం కొమ్మలు ఎండిపోయాయి. దాని కింద బండి పెట్టుకునే ఇస్త్రీ ఆయన ఇప్పుడు పదకొండింటికే సర్దుకుని వెళ్ళిపోతున్నాడు. సిమెంటు కాస్త పగలగొడదామని మేం నలుగురం అనుకుంటే, కేసవుతుంది జాగ్రత్త అన్నారు!

డెల్టాలో ఎండలు రెంటచింతలంత ఉండవు కదా అంటారు. నిజమే, మనల్ని చంపేది ఉక్క. గాలిలో చెమ్మ ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పైగా ఆ ఎండల రోజుల్లోనే కాలువలకి నీళ్ళు ఆపేస్తారు. చేలు మెరక చేసి లేఅవుట్లు వేశాక ఊరి మీదికి చల్లగాలి ఎటునుంచి రావాలి? రాత్రి పదింటికి డాబా ఎక్కితే అరికాళ్ళు చురుక్కుమంటున్నాయి.

రూల్సు లేక కాదు. ఇంటి చుట్టూ ఖాళీ వదలాలి, లేఅవుట్లో పార్కు చూపించాలి. ప్లానులో అన్నీ ఉంటాయి, కట్టాక చూస్తే ఆ ఖాళీలో రేకుల షెడ్డు ఉంటుంది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. కొట్టకుండా ఊపిరాడనివ్వక చంపితే తప్పు లేదా? ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లోనే జాతీయ హరిత ట్రైబ్యునల్ చెప్పింది. ఆ ఒక్క ముక్క ఇక్కడి రోడ్ల టెండర్లలో రాసి, అది చూశాకే కాంట్రాక్టరుకి బిల్లు ఇస్తే చాలు.

డాబాల సంగతీ అంతే. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చి, 600 గజాలు, ఆపైన స్థలాల్లో కట్టే ఇళ్ళకి ఎండని తిప్పికొట్టే పైకప్పు తప్పనిసరి చేసింది. మన పట్టణాల్లో 600 గజాల ఇళ్ళు ఎన్నుంటాయి? ఇక్కడ 150 గజాల నుంచే మొదలుపెట్టాలి. తెల్ల పూత కనబడితేనే, ఇంట్లో చేరొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇవ్వాలి. పేదవాళ్ళ రేకుల ఇళ్ళకి మాత్రం ఆ పూత మునిసిపాలిటీయే వేయించాలి, అసలు ఉడికిపోయేది వాళ్ళే.

మొన్న పక్క వీధిలో రోడ్డుకి కొలతలు తీసుకున్నారు. అక్కడ రెండు కానుగ చెట్లున్నాయి. పోత ఇంకా మొదలుకాలేదు.

– ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా