పాత సి.బి. రేడియో కార్డుల సేకరణ విభాగం: 2025 సంవత్సరపు వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారి సంఘంలో పాత సి.బి. (సిటిజన్స్ బ్యాండ్) రేడియో కార్డుల సేకరణకు ఒక చిన్న విభాగం ఉందన్న సంగతి పాత సభ్యులకు తెలిసినదే. కొత్తగా చేరినవారు ఇదేమి సేకరణ అని అడుగుతున్నారు కనుక ముందుగా నాలుగు మాటలు చెప్పడం అవసరం. ఈ దేశపు సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్.సి.సి. 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర 23 ఛానళ్ళను సామాన్య ప్రజల సొంత అవసరాల కోసం కేటాయించింది. ఔత్సాహికుల హామ్ రేడియోకు అప్పట్లో ఉన్నట్టు దీనికి పరీక్ష గానీ మోర్స్ కోడు గానీ లేవు. దరఖాస్తు పెట్టుకుంటే లైసెన్సు, దానితోపాటు ఒక కాల్ సైను, అంటే రేడియోలో ఎవరో గుర్తుపట్టడానికి అక్షరాలు, అంకెలు కలిసిన పేరు వచ్చేవి. పొలంలో ఉన్న రైతు ఇంటివారితో, మరమ్మతుల దుకాణం యజమాని బయట తిరిగే తన పనివారితో మాట్లాడుకోవడానికి ఉద్దేశించిన ఈ బ్యాండు మీద కొద్దికాలంలోనే ముక్కూ మొహం తెలియనివారు కబుర్లలో పడ్డారు. మాట కలిసినందుకు గుర్తుగా, హామ్‌లు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే పంపుకుంటున్న క్యూఎస్ఎల్ కార్డుల తరహాలో, వీరూ పోస్టుకార్డులు అచ్చు వేయించుకుని ఇచ్చిపుచ్చుకున్నారు. మన విభాగం సేకరిస్తున్నవి ఆ కార్డులే, ముఖ్యంగా 1960, 1970 దశకాలవి.

ఈ సంవత్సరం విభాగం చేసిన పనులలో ప్రధానమైనది కార్డుల వెనుక వైపు చదవడం. ఇంతకాలం మన జాబితాలన్నీ ముందువైపు బొమ్మను బట్టి తయారైనవే. పెద్ద ఎర్ర అక్షరాలలో కాల్ సైను, పక్కన మైకు పట్టుకున్న ఎలుగుబంటో పెద్ద లారీయో, దాని కింద హ్యాండిల్ అని పిలుచుకునే మారుపేరు, భార్యాభర్తలైతే యూనిట్ 1, యూనిట్ 2 అంటూ ఇద్దరి పేర్లు, ఒక మూల శుభాకాంక్షలకు 73, ముద్దుమురిపాలకు 88 అనే అంకెలు. ఇవి చూసి మురిసిపోయి కార్డును సంచీలో పెట్టేసేవాళ్ళం. అచ్చు వేయించి ఎవరికీ పంపకుండా అట్టపెట్టెలో మిగిలిపోయిన కార్డుకూ, పెన్నుతో నింపి, స్టాంపు అంటించి, తపాలాలో ప్రయాణం చేసిన కార్డుకూ ఒకే విలువ కట్టడం సరికాదని సంవత్సరారంభ సమావేశంలో వాదోపవాదాల తరువాత నిర్ణయమైంది. అప్పటి నుంచి ప్రతి కార్డుకూ వెనుక వైపున్న తేదీ, సమయం, ఛానలు, వినిపించిన బలం, సెట్టు, మైకు, ఏంటెన్నా వివరాలతోపాటు, అన్నిటికంటే ముఖ్యంగా చేతిరాతలో ఉన్న మాటలను యథాతథంగా నమోదు చేస్తున్నాం.

ఒక కార్డు సంగతి చెబితే ఈ శ్రమ ఎందుకో సభ్యులకు బోధపడుతుంది. ఒహాయోలోని ఒక దంపతులు 1974 జూన్‌లో ఫ్లోరిడాకు పంపిన కార్డు అది. నాలుగు మూలలా గుండుసూదుల రంధ్రాలు, వాటి చుట్టూ తుప్పు మరకలు ఉన్నాయి. అంటే అందుకున్నవారు దానిని ఏళ్ళ తరబడి గోడకు గుచ్చి ఉంచారన్నమాట. ఇలాంటి కార్డులను అప్పట్లో వాల్‌పేపర్ అనే పిలిచేవారు. గడులన్నీ భర్త నీలి సిరా పెన్నుతో నింపాడు: సెట్టు బ్రౌనింగ్ గోల్డెన్ ఈగిల్, మైకు అస్టాటిక్ డి-104, ఏంటెన్నా గడిలో గర్వంగా కింద గీత గీసి మరీ రాసిన మూన్‌రేకర్. అడుగున మిగిలిన వేలెడు ఖాళీలో భార్య సన్నని అక్షరాలతో, మీ అబ్బాయి చేతికి కట్టు విప్పారా, ఆదివారం మళ్ళీ వింటూ ఉంటాం అని రాసింది. మైకు ముందు మాట్లాడింది ఆయన కావచ్చు గానీ, అటువైపు ఇంట్లో పిల్లవాడి చేయి విరిగిన సంగతి గుర్తుపెట్టుకున్నది ఆవిడ. ముందువైపు బొమ్మ ఒక్కటే చూసి ఉంటే ఈ కార్డు మన జాబితాలో ‘ఒహాయో, రెండు రంగులు, గుడ్లగూబ’ అని మూడు మాటలతో ముగిసిపోయేది.

ఆ కార్డులోనే మరో విశేషం ఉంది. ఒహాయో నుంచి ఫ్లోరిడాకు మాట్లాడడం నాటి నిబంధనల ప్రకారం నిషిద్ధం. సి.బి. మీద 150 మైళ్ళకు మించిన దూరంలో ఉన్నవారితో మాట్లాడకూడదనీ, దీనిని కాలక్షేపానికి వాడకూడదనీ ఎఫ్.సి.సి. స్పష్టంగా చెప్పింది, ఆ దూరపు పరిమితి పుస్తకాల నుంచి తొలగింది 2017లో మాత్రమే. అయినా వేలాదిమంది తమ కాల్ సైను, ఇంటి చిరునామా అచ్చు వేయించి, ఫలానా తేదీన ఫలానా గంటకు నియమం దాటామని తామే రాసి, సంతకం చేసి, ప్రభుత్వ తపాలాలోనే పంపుకున్నారు. ఒక నేరాంగీకార పత్రాన్ని ఇంత ఉత్సాహంగా రంగుల్లో వేయించుకున్నవారు మరెక్కడైనా ఉన్నారా అని విభాగం సమావేశంలో ఒక సభ్యురాలు అన్న మాట ఇక్కడ నమోదు చేయదగినది. కాస్త జాగ్రత్తపరులు కాల్ సైను వదిలేసి హ్యాండిల్, పోస్టు బాక్సు నంబరు మాత్రమే వేయించుకునేవారు. ఈ రెండు రకాలనూ ఇకపై జాబితాలో విడివిడిగా చూపాలని నిర్ణయించాం.

దూరానికి కారణం ఆకాశమే. నాలుగు వాట్ల సెట్టుతో మాట మామూలుగా కొద్ది మైళ్ళే పోతుంది. సూర్యునిపై మచ్చలు ఎక్కువగా ఉన్న సంవత్సరాలలో అయనావరణపు (ఐనోస్ఫియర్) పై పొర పగటివేళ 27 మెగాహెర్ట్జ్ తరంగాలను కూడా భూమి వైపు వంచగలుగుతుంది. దానినే వీరు స్కిప్ అన్నారు. మచ్చలు తగ్గిన 1974 వంటి సంవత్సరాలలో సైతం వేసవిలో కింది పొరలో అప్పటికప్పుడు ఏర్పడే దట్టమైన తునకల వల్ల వెయ్యి మైళ్ళ వరకు మాట చేరుతుంది. పైన చెప్పిన జూన్ కార్డు ఆ కోవలోనిదని మన సాంకేతిక సలహాదారు అభిప్రాయం. తేదీలన్నీ నమోదైతే ఏ సంవత్సరంలో ఏ నెలలో ఎంత దూరపు కార్డులు వచ్చాయో ఒక పటం గీయవచ్చు. ఆ పనికి ఇద్దరు యువ సభ్యులు ముందుకు వచ్చారు.

తేదీ లేని కార్డుల కాలనిర్ణయం మీద ఏప్రిల్‌లో జరిపిన శిక్షణ తరగతికి ఊహించిన దానికంటే ఎక్కువమంది వచ్చారు. చిరునామాలో జిప్ కోడు ఉంటే అది 1963 జూలై తరువాతి కార్డు. స్టాంపు ఉంటే పని మరింత సులువు: పోస్టుకార్డు ధర 1963లో 4 సెంట్లు, 1968లో 5, 1971లో 6, 1974 మార్చిలో 8 అయింది, 1975 సెప్టెంబరులో విచిత్రంగా 7కు తగ్గి, ఆ డిసెంబరు ఆఖరి రోజున 9కి పెరిగింది. అందువల్ల 7 సెంట్ల ధరకు పంపిన కార్డు కనిపిస్తే కాలం మూడున్నర నెలల లోపుకు వచ్చేస్తుంది. 23 దాటిన ఛానలు నంబరు రాసి ఉంటే అది 40 ఛానళ్ళు వచ్చిన 1977 జనవరి 1 తరువాతిదన్నమాట. కాల్ సైన్లూ కాలం చెబుతాయి. మూడక్షరాలు, నాలుగంకెలు ఉన్నవి సర్వసాధారణం. నాలుగేసి అక్షరాలవి 1970 దశకం మధ్యలో లైసెన్సులు వెల్లువెత్తిన తరువాత వచ్చినవి. 1973 చమురు సంక్షోభం, ఆ వెంటనే వచ్చిన గంటకు 55 మైళ్ళ వేగ పరిమితి లారీ డ్రైవర్లను సి.బి. వైపు నడిపించాయి, 1975లో రుసుము 20 డాలర్ల నుంచి 4 డాలర్లకు దిగడంతో జనం ఎగబడ్డారు. దరఖాస్తులు పేరుకుపోగా 1976లో తాత్కాలిక అనుమతి ఇచ్చారు: కె అనే అక్షరం, ఆ తరువాత తన పేరు పొడి అక్షరాలు, చివర తన జిప్ కోడు కలిపి ఎవరికి వారే కాల్ సైను తయారుచేసుకోవచ్చు. అలాంటి కాల్ సైనుతో కార్డు అచ్చు వేయించుకున్నవారు అరుదు, ఎందుకంటే అసలు లైసెన్సు రాగానే ఆ కార్డులు పనికిరాకుండా పోతాయి. అటువంటిది ఒకటి ఈ సంవత్సరం మనకు దొరకడం విభాగానికి పండుగే. 1983లో లైసెన్సులే రద్దయ్యాయి, వాటితో కాల్ సైన్ల ముచ్చటా తీరిపోయింది.

ఆ తాత్కాలిక కాల్ సైను కార్డు దొరికినది మే నెలలో ఒహాయోలోని జెనియాలో జరిగిన హామ్‌వెన్షన్ అనే హామ్ రేడియోవారి సంతలో. అక్కడ హామ్ పరికరాలదే రాజ్యం, సి.బి. కార్డులు బల్లల కింద పెట్టెల్లో ఉంటాయి. ఒక వ్యాపారి పాత ఆల్బములను పేజీలుగా చించి, బొమ్మ బాగున్న కార్డులను ఒక్కొక్కటిగా అమ్ముతున్నాడు. ఒకే ఇంటికి వచ్చిన కార్డులు కలిసి ఉంటేనే ఆ ఇంటివారు ఎవరెవరితో మాట్లాడారో, ఎవరికి ఎవరు తిరిగి జవాబిచ్చారో తెలుస్తుంది. విడదీస్తే మిగిలేవి ఉత్త బొమ్మలు. విడి కార్డులకు ఎక్కువ ధర పెట్టడం కంటే చెదరని ఆల్బమ్ ఒక్కటి కొనడమే మేలని కార్యవర్గం భావించింది. ఇది అందరికీ నచ్చలేదని తెలుసు. తమకు ఇష్టమైన రాష్ట్రపు కార్డులు పూర్తి చేసుకోవాలనుకునే సభ్యులు సొంత ఖర్చుతో కొనుక్కోవడానికి అభ్యంతరం లేదు, సంఘం నిధులు మాత్రం అందుకు వాడబోము.

ఉగాది వేడుకలలో ఏర్పాటు చేసిన ప్రదర్శన గురించి దాచుకోవలసినది ఏమీ లేదు. ఈ కార్డుల బొమ్మలలో హాస్యం ఎంత ఉందో మోటుదనమూ అంతే ఉంది. ఆడవారిని వెక్కిరించే బొమ్మలు, ఇతర జాతులవారిని గేలి చేసే బొమ్మలు తక్కువేమీ కావు. వీటిని సేకరణ నుంచే తీసివేయాలని కొందరు, చరిత్రను కత్తిరించరాదని కొందరు పట్టుబట్టారు. చివరికి అన్నిటినీ జాబితాలో ఉంచాలని, పిల్లలు వచ్చే ప్రదర్శనలో మాత్రం పెట్టకూడదని, పెద్దల గోష్ఠిలో వివరణతో చూపవచ్చని ఒప్పందానికి వచ్చాం. బాధ కలిగించే బొమ్మ కింద ఆ కాలం అలాంటిది అని ఒక్క వాక్యం రాసి చేతులు దులుపుకోరాదని కూడా తీర్మానంలో చేర్చాం.

అదే ప్రదర్శనలో మన ఊళ్ళ నుంచి వచ్చిన కార్డులకు ఒక బల్ల కేటాయించాం. మన దేశంలో ఆ రోజులలో ఇలాంటి సి.బి. ముచ్చట లేదు, 27 మెగాహెర్ట్జ్ దగ్గర తక్కువ శక్తి సెట్లకు లైసెన్సు అవసరం లేదన్నది 2005లో. మన పెద్దలకు క్యూఎస్ఎల్ కార్డులు వచ్చింది శ్రోతలుగానే: ఆకాశవాణికి, రేడియో మాస్కోకు, రేడియో సిలోన్‌కు ఏ రోజు ఏ కార్యక్రమం ఎలా వినిపించిందో ఉత్తరం రాస్తే ధ్రువీకరణగా కార్డు పంపేవారు. గుంటూరు జిల్లాకు చెందిన ఒక సభ్యుడు తండ్రిగారు దాచిన అలాంటి కార్డులను ప్రదర్శనకు అరువిచ్చారు. హైదరాబాదులో 1983లో ఏర్పడిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం 2004 డిసెంబరులో అండమాన్‌కు వెళ్ళినప్పుడు సునామీ రావడం, భారతి ప్రసాద్ గారు పోర్ట్ బ్లెయిర్ నుంచి హామ్ రేడియోలో అత్యవసర సమాచారం అందించడం సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఇది హామ్ సంగతే, సి.బి. కాదు, అయినా ఆ బల్ల దగ్గర పిల్లలు ఎక్కువసేపు అడిగింది దాని గురించే.

బ్రిటన్‌లో ఉన్న మన సభ్యులొకరు అక్కడి కార్డుల నకళ్ళు పంపారు. ఆ దేశంలో సి.బి. చట్టబద్ధమైనది 1981 నవంబరు 2న. అంతకు ముందు కార్డులలో ఇంటి చిరునామా దాదాపు కనిపించదు. వీటిపై వచ్చే సంవత్సరం విడిగా పని చేస్తాం.

కార్డులను స్కాన్ చేసే పని సగం దాటింది. వెనుక వైపున్న చిరునామాలలో ఇప్పటికీ ఆయా కుటుంబాలు ఉండవచ్చు కనుక, సభ్యులకు ఇచ్చే ప్రతులలో వీధి పేరు, ఇంటి నంబరు, అసలు పేరు కప్పివేస్తున్నాం. ఊరు, రాష్ట్రం, హ్యాండిల్ మాత్రం ఉంటాయి. రాసినవారి వారసులెవరైనా అడిగితే అసలు కార్డునే తిరిగి ఇవ్వాలన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశం ముందుకు వస్తుంది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా పంపారు. ఆల్బమ్ కొనుగోలు తప్ప పెద్ద ఖర్చు లేదు, కార్డుల సంచీలకు మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువైంది. పాత పి.వి.సి. సంచీలు కాలక్రమంలో జిగటగా మారి సిరాను లాగేస్తాయి కనుక అన్నిటినీ పాలిప్రొపిలీన్ సంచీలలోకి మార్చవలసి వచ్చింది.

చివరగా ఒక విన్నపం. ఇంట్లోనో ఇరుగుపొరుగు దగ్గరో ఇలాంటి కార్డులు జిగురు పేజీల ఆల్బములలో కనిపిస్తే దయచేసి గోటితో లాగవద్దు. రాతతో సహా వెనుక పొర ఊడిపోతుంది. రబ్బరు బ్యాండ్లు కరిగి అంటుకుని ఉంటే వాటినీ అలాగే ఉంచి, ఆల్బమ్‌ను ఆల్బమ్‌గానే నెలవారీ సమావేశానికి తీసుకురండి. విడదీసే పనిముట్లు, తీరిక ఉన్న ఇద్దరు సభ్యులు ప్రతి సమావేశానికీ అరగంట ముందే వచ్చి ఉంటారు.

ఇట్లు,
కార్యదర్శి, కార్డుల సేకరణ విభాగం