ఆరోగ్య శాఖ మంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం. మానసిక ఆరోగ్యం అనగానే మందులు, కౌన్సెలింగ్ అంటారు, అవి కావాల్సిందే, కానీ రెండ్రోజులు కనపడకపోతే "ఏమైంది, ఒంట్లో బాలేదా" అని ఫోన్ చేసే నలుగురు ఉండటం కూడా వైద్యమేనండి. ప్రతి 6 మందిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 రిపోర్టులో చెప్పింది, ఇదేమన్నా చిన్న విషయమా? ఏదో ఒక గ్రూపులో చేరితే మనిషికి ఒక పని ఉంటుంది, కుర్చీలు వేయడమో, కొత్తగా వచ్చినవాళ్లని పలకరించడమో, నా కోసం ఎదురుచూసేవాళ్లున్నారన్న ధీమా (అసలు బలం అదేనని నా నమ్మకం) అక్కడే వస్తుంది. బ్రిటన్‌లో డాక్టర్లు లింక్ వర్కర్ల (మనుషుల్ని దగ్గర్లోని గ్రూపులతో కలిపే ఉద్యోగుల) ద్వారా పేషెంట్లని పాటల బృందాలకీ, తోటపని గ్రూపులకీ పంపుతున్నారు, మీరూ మొదలెట్టండి. సాయంత్రాలు తాళాలేసి ఉండే కమ్యూనిటీ హాళ్లు ఫ్రీగా తెరిపించండి, ముందు రిటైరైనవాళ్లకీ, ఉద్యోగం కోసం కొత్త ఊరికొచ్చిన పిల్లలకీ.