నెట్ ఆగిన ప్రతి కంప్యూటర్‌కూ ఫార్మాట్ కొట్టకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. ఇక్కడ కుల ధ్రువపత్రం కావాలన్నా, స్కాలర్‌షిప్పుకు దరఖాస్తు పెట్టాలన్నా జనసేవా కేంద్రానికో, నెట్ ఉన్న జిరాక్స్ షాపుకో వెళ్లక తప్పదు. గడిచిన వర్షాకాలంలో మా అమ్మాయి దరఖాస్తుకు ఆఖరి రోజున అలాంటి ఒక చోటికి వెళ్లాం. మాకంటే ముందే పదిహేను మంది దాకా వరుసలో ఉన్నారు. కంప్యూటర్ పనిచేస్తోంది, నెట్ మాత్రం లేదు. ముందురోజు ఎవరి పెన్‌డ్రైవ్ నుంచో వైరస్ ఎక్కిందట. రాత్రి యాంటీవైరస్ నడిపి తీసేశారట. తెల్లవారేసరికి నెట్ పోయింది.

బడిలో పద్నాలుగేళ్లుగా కంప్యూటర్లు చూసుకుంటున్నవాణ్ణి కనుక తెర వైపు తొంగి చూశాను. కంప్యూటర్ భాగాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో, నెట్‌వర్క్ అడాప్టర్ (నెట్‌కు కలిపే కార్డు) పేరు పక్కన పసుపు త్రికోణం, అందులో ఆశ్చర్యార్థకం. తెరిస్తే కోడ్ 39. డ్రైవర్ ఫైలు, అంటే ఆ కార్డును విండోస్‌తో పనిచేయించే చిన్న ప్రోగ్రాము, పాడైంది లేదా కనబడడం లేదు అని ఆ సంఖ్యకు అర్థం. కార్డు కాలిపోలేదు. ఆ మాటే చెప్పాను. మరమ్మతుకు వచ్చిన అబ్బాయి వినలేదు. "కార్డు పోయింది సార్, ఫార్మాట్ కొట్టాలి" అన్నాడు, డిస్కులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోయేలా కొట్టేశాడు. జనం స్కాన్ చేయించుకున్న కాగితాలన్నీ దానితోపాటే పోయాయి. పింఛను పనికి వచ్చిన ఒక పెద్దాయన అసలు పత్రాల కోసం మళ్లీ ఊరికి బయలుదేరాడు. అంత చేసినా నెట్ వచ్చిందా అంటే, రాలేదు. కొత్తగా ఎక్కించిన పాత విండోస్‌లో ఆ కార్డుకు డ్రైవరే లేదు. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి! మేము ఆటోలో పాతపట్నం పరుగెత్తి, సాయంత్రానికి దరఖాస్తు పంపగలిగాం. వరుసలో ఉన్న మిగతా పిల్లల సంగతి ఏమైందో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కొన్ని వైరస్‌లు నెట్‌వర్క్‌ను నడిపే సిస్టమ్ ఫైళ్లలోనే దూరి కూర్చుంటాయి. వైరస్‌ను ఫైలు నుంచి విడదీయలేనప్పుడు యాంటీవైరస్ ఆ ఫైలునే తీసేస్తుంది. విండోస్ మాత్రం పాత చిరునామాలో దాన్ని వెతుకుతూనే ఉంటుంది. కాబట్టి ముందు వైరస్ పూర్తిగా పోయిందని రూఢి చేసుకోవాలి. లేకపోతే కొత్తగా వేసిన డ్రైవర్ కూడా పాడవుతుంది. ఆ తర్వాత డివైస్ మేనేజర్‌లో అడాప్టర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేస్తే చాలాసార్లు విండోసే డ్రైవర్‌ను వేసుకుంటుంది. కాకపోతే, శుభ్రమైన మరో కంప్యూటర్‌లో తయారీదారు సైటు నుంచి డ్రైవర్ దించి తేవచ్చు. సిస్టమ్ ఫైళ్లు చెడితే ఎస్‌ఎఫ్‌సి స్కాన్‌నౌ (sfc /scannow) అనే ఆదేశం వాటిని సరిచేయగలదు. పసుపు గుర్తు లేకుండానే నెట్ ఆగితే తప్పు డ్రైవర్‌ది కాకపోవచ్చు. వైరస్ మార్చేసిన ప్రాక్సీనీ (నెట్‌కు మధ్యవర్తిగా ఉండే సర్వరు), డీఎన్ఎస్‌నూ (సైటు పేరును బట్టి దాని చిరునామా వెతికే ఏర్పాటు) చూడాలి, విన్‌సాక్‌ను (ప్రోగ్రాములను నెట్‌తో కలిపే విండోస్ భాగం) రీసెట్ చేయాలి. ఫార్మాట్ అన్నిటికంటే చివరి మాట. అదీ ఫైళ్ల నకలు తీసుకున్నాకే.

జిల్లా అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. ప్రజలు పనులకు వచ్చే ప్రతి కేంద్రంలోనూ అక్కడి కంప్యూటర్లకు సరిపోయే డ్రైవర్లను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో ఉంచాలి. దాన్ని ఇంకే పనికీ వాడకూడదు. వచ్చినవాళ్ల పెన్‌డ్రైవ్‌ను స్కాన్ చేయకుండా తెరవకూడదు. ఇందుకు డబ్బు పెట్టనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వం 2017లో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులో వైరస్ తొలగించే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. వాటిలో యూఎస్‌బీ ప్రతిరోధ్ అనేది పెన్‌డ్రైవ్‌ల బెడదను అడ్డుకోవడానికే ఉంది. విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ముగిశాయి. విండోస్ 10కు మామూలు మద్దతు కూడా 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇంకా వాటితోనే ప్రజల పత్రాలు నడుపుతున్న కంప్యూటర్లను ముందుగా మార్చాలి.

మరొక్క మాట. ఇక్కడ దరఖాస్తు ఒడియాలో, కంప్యూటర్ చూపే తప్పు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు మాత్రమే చదవగలిగిన మావాళ్లు "కార్డు పోయింది" అని ఎవరు చెప్పినా నమ్మాల్సి వస్తోంది. ఆ పసుపు గుర్తుకు అర్థమేమిటో, ముందు ఏం చేయాలో ఒడియాతోపాటు తెలుగులోనూ ఒక కాగితం మీద అచ్చువేసి ప్రతి కేంద్రం గోడకూ అంటించండి. తెలుగు పాఠం రాసిపెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

- ఒక ఉపాధ్యాయుడు, పర్లాకిమిడి