డబ్బు పెట్టకుండానే ప్రచారం చేయొచ్చు

సంపాదకులకు నమస్కారం.

సోషల్ మీడియాలో యాడ్స్‌కి డబ్బు పెట్టకపోతే మన మాట ఎవరికీ చేరదని, మంచి పనులు చేసే చిన్న చిన్న బృందాలు ముందే చేతులెత్తేస్తుంటే బాధేస్తుంది. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ గుర్తుందా? నెత్తిన చల్లటి నీళ్లు గుమ్మరించుకుని, ఆ వీడియోలోనే ఇంకొందరిని పేరు పెట్టి పిలిచి, మీరూ ఇలా చేయండి లేదా విరాళం ఇవ్వండి అని 24 గంటల గడువిచ్చేవారు. ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు మీద పనిచేసే అమెరికా సంస్థకు ఆ వేసవిలో దాదాపు 11.5 కోట్ల డాలర్ల విరాళాలొచ్చాయి. పేరు పెట్టి పిలవడమే అందులో అసలు బలమని నా నమ్మకం, ఎందుకంటే అందరినీ షేర్ చేయమంటే ఎవరూ పట్టించుకోరు, మనల్నే అడిగితే కాదనలేం.

'అర్జెంట్‌గా రక్తం కావాలి' అనే పోస్టులే చూడండి. తేదీ ఉండదు, ఏ గ్రూపో ఉండదు, అవసరం తీరిపోయాక కూడా నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి! ఆ వివరాలు మొదటి రెండు లైన్లలోనే ఉండాలి, మిగతాది 'ఇంకా చదవండి' వెనక దాక్కుంటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో కింద లింక్ ఇస్తే నొక్కినా తెరుచుకోదు, ప్రొఫైల్‌లో పెట్టాలి. వాట్సాప్‌లోనైతే చాలాసార్లు ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని 2020 నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం, కాబట్టి ఎవరికి వాళ్లు సొంత మాటల్లో రాసి పంపడం మేలు.

కామెంట్లలో అడిగినవాళ్లకి జవాబివ్వడం మాత్రం దయచేసి మానకండి. మీ పత్రిక ఇలాంటి మెళకువలపై వారానికోసారి ఒక శీర్షిక నడిపితే ఎంతోమంది వాలంటీర్లకు ఉపయోగం.

– ఒక పాఠకురాలు