ఫిర్యాదు మెయిల్ ఎవరి చేతికి వెళ్తోంది?

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. సత్యం కంప్యూటర్స్ కంపెనీ దొంగ లెక్కల బాగోతం 2009 జనవరి 7న బయటపడింది. బ్యాంకుల్లో ఉన్నట్టు చూపిన 5,040 కోట్లు అసలు లేవని ఛైర్మనే రాసిచ్చారు. అంతకుముందే, 2008 డిసెంబరులో, మారుపేరుతో ఒకరు బోర్డు సభ్యుడికి మెయిల్ పెట్టి హెచ్చరించారు. ఆ సంగతి ఎంతమందికి గుర్తుందో!

తర్వాత 2013 కంపెనీల చట్టం వచ్చింది. 177వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో, అంటే స్టాక్ మార్కెట్లో షేర్లున్న కంపెనీల్లో, అక్రమాలపై ఫిర్యాదు చేసే ఏర్పాటు ఉండాలి, చేసినవాళ్లకి రక్షణా ఉండాలి. కాగితం మీద బాగానే ఉంది. నేను అకౌంట్స్‌లో పనిచేసిన ఒకచోట ఆ ఫిర్యాదుల మెయిల్ తెరిచేది హెచ్‌ఆర్ వాళ్లే. కొటేషన్లు లేని బిల్లుల గురించి పొద్దున రాస్తే, వాటిని పాస్ చేసిన మేనేజరే సాయంత్రం పిలిచి "ఏంటమ్మా, ఏదో రాశావట?" అన్నారు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టే కదా. ఆ తర్వాత ఆ ఆఫీసులో ఎవరూ నోరెత్తలేదు.

అక్రమాలు బయటపెట్టేవాళ్ల రక్షణకని తెచ్చిన 2014 విజిల్ బ్లోయర్ల చట్టమేమో ప్రభుత్వ ఉద్యోగులపై ఫిర్యాదులకే పరిమితం.

అందుకే అడుగుతున్నాను: లెక్కల మీద వచ్చే ప్రతి ఫిర్యాదూ నేరుగా ఆడిట్ కమిటీ (బోర్డులో లెక్కలు చూసే కమిటీ) అధ్యక్షుడికే చేరేలా, గడువులోగా జవాబిచ్చేలా నిబంధన మార్చండి. ఫిర్యాదు చేసిన ఏడాదిలోపు ఆ ఉద్యోగిని బదిలీ చేసినా, తీసేసినా కారణం కంపెనీయే రుజువు చేసుకోవాలి.

ఇట్లు,
ఒక అకౌంటెంట్